ఉప్పెనల చరిత్రలో ఆడవారి లెక్క



గంజాం తీరంలో తరతరాలుగా కాపురముంటున్న మనకు తుఫాను కొత్త కాదు. అక్టోబరు నెల వచ్చిందంటే, గోపాల్‌పూర్‌లో ఎన్నో నంబరు ప్రమాద సూచిక ఎగరేశారని అడగడం మన పెద్దలకు అలవాటు. మన ఒడియా పొరుగువారు బాత్యా అంటారు. మనం గాలివాన అంటాం, తుఫాను అంటాం. సముద్రం లేచి ఊరి మీదికి వస్తే, దానికి ఉప్పెన అని మన భాషలో వేరే మాటే ఉంది. మాట ఉన్నదంటే, దాని వెనుక అనుభవం ఉన్నదన్నమాట.

ఆ అనుభవాన్ని చెప్పుకునేటప్పుడు మనం సాధారణంగా మొత్తం లెక్కనే చెప్పుకుంటాం. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెనలో ప్రభుత్వ లెక్క ప్రకారమే సుమారు 10 వేల మంది పోయారంటాం. 1999 అక్టోబరు 29న పారాదీప్ దగ్గర తీరం దాటిన మహాబాత్యాలో మళ్లీ సుమారు 10 వేల మంది పోయారనీ, వారిలో 8 వేలకు పైగా ఒక్క జగత్‌సింగ్‌పూర్ జిల్లా వారేననీ చెప్పుకుంటాం. ఆ పదివేలలో ఆడవారెందరు, మగవారెందరు అని మాత్రం అడగం. ఎవరైనా అడిగితే, "గాలికీ నీటికీ ఆడా మగా తేడా ఏమిటండీ?" అని ఎదురు ప్రశ్న వేస్తాం.

పిల్లలకు పాఠం చెప్పే నేను కూడా చాలాకాలం అలాగే అనుకున్నాను. బంగాళాఖాతం చుట్టూ జరిగిన ఉప్పెనల చరిత్ర చదివిన తరువాత నా అభిప్రాయం మారింది. నీటికి తేడా లేదు. నీరు వచ్చే వేళకు ఎవరు ఎక్కడ ఉంటారు, ఎవరి చేతుల్లో ఏముంటుంది, ఎవరి చెవిన కబురు పడుతుంది అన్న విషయాల్లో తేడా ఉంది. ఆ తేడా మన ఇళ్లలో, మన పనిపాటల్లో, తుఫాను పుట్టకముందే ఏర్పడి ఉంటుంది. ఈనాటి ప్రసంగంలో మీకు మనవి చేయదలచుకున్నది ఈ ఒక్క సంగతే.

మొదట 1970వ సంవత్సరానికి వెళదాం. ఆ ఏడు నవంబరు 12వ తేదీ రాత్రి, అప్పటి తూర్పు పాకిస్తాన్, ఈనాటి బంగ్లాదేశ్ తీరంలో భోలా ద్వీపం పరిసరాలను ఒక పెను ఉప్పెన ముంచెత్తింది. మృతులు 3 లక్షల నుంచి 5 లక్షల వరకూ ఉంటారని అంచనా. మనకు తెలిసిన చరిత్రలో ఇంతమందిని పొట్టన పెట్టుకున్న తుఫాను మరొకటి లేదు. ఆ తరువాత సోమర్, మోస్లీ అనే ఇద్దరు వైద్య పరిశోధకులు ఊరూరా సర్వే జరిపించి, తమ ఫలితాలను 1972లో లాన్సెట్ వైద్య పత్రికలో ప్రకటించారు. పిల్లలు, వృద్ధులు, స్త్రీలు ఎక్కువగా మరణించారనీ, వయసులో ఉన్న మగవారే ఎక్కువగా బతికి బయటపడ్డారనీ వారు తేల్చారు.

బతికినవారి ఒంటి మీద వారు ఒక విచిత్రమైన గాయాన్ని గమనించారు. చేతుల లోపలి వైపున, రొమ్ము మీద, తొడల మీద చర్మం గీరుకుపోయి ఉంది. కారణమేమిటంటే, ఆ రాత్రంతా వారు చెట్టు మాను కౌగలించుకుని అలల దెబ్బలకు ఓర్చుకున్నారు. ఆ గాయమే వారి ప్రాణానికి గుర్తు. ఇప్పుడు మీరే ఆలోచించండి. చంకలో ఒక బిడ్డ, చేతిలో ఇంకొక బిడ్డ, ఒంటికి తడిసి చుట్టుకుపోయిన చీర ఉన్న తల్లి ఏ చేతులతో చెట్టును పట్టుకుంటుంది? పిల్లలు ఎక్కువగా పోయారనీ, తల్లులు ఎక్కువగా పోయారనీ మనం రెండు వాక్యాలుగా చెబుతాం. ఆ రాత్రి చాలా ఇళ్లలో అవి రెండూ ఒకే చావు అయి ఉంటాయి.

ఇరవై ఏళ్లు గడిచాయి. 1991 ఏప్రిల్ 29వ తేదీ రాత్రి చిట్టగాంగ్ తీరంలో మళ్లీ ఉప్పెన వచ్చింది. ఈసారి సుమారు 1 లక్షా 40 వేల మంది మరణించారు. 20 నుంచి 44 ఏళ్ల మధ్య వయసు వారిలో మగవారు వెయ్యికి 15 మంది మరణిస్తే, ఆడవారు వెయ్యికి 71 మంది మరణించారని లెక్క తేలింది. అంటే దాదాపు అయిదు రెట్లు. ఈ వయసు ముసలితనమూ కాదు, పసితనమూ కాదు. పొలంలో నాట్లు వేసే వయసు, నీళ్ల బిందె మోసే వయసు. ఒంట్లో బలం లేక పోయారని చెప్పడానికి వీల్లేదు.

మరి ఎందుకు పోయారు? ఆ దేశంలో హెచ్చరిక అందకపోలేదు. 1972 నుంచే అక్కడ తుఫాను సన్నాహక కార్యక్రమం నడుస్తున్నది. కార్యకర్తలు మైకులు పట్టుకుని తిరిగారు. అయితే ఆ కబురు ఎక్కువగా బజారులో, టీ దుకాణం దగ్గర, పడవల రేవులో, మగవాడి నోటి నుంచి మగవాడి చెవిలో పడింది. ఇంట్లో ఉన్న ఇల్లాలికి చేరేసరికి ఆలస్యమైంది. చేరినా, ఇంటాయన రాకుండా, ఆయన మాట లేకుండా గడప దాటడం ఎలా అని చాలామంది ఆగిపోయారు. ఆశ్రయ భవనంలో పరాయి మగవారి మధ్య రాత్రంతా ఎలా ఉండటమన్న సంకోచం కొందరిది. మేకను, కోళ్లను, నూకల డబ్బాను వదిలి రావడమెలాగన్న బెంగ మరికొందరిది. ఈత చాలామందికి రాదు.

ఆ తుఫాను తరువాత జరిగిన ఒక సర్వేలో మరొక సంగతి కూడా బయటపడింది. సర్వే చేసిన ఊళ్లలో పక్కా కట్టడాన్ని చేరుకున్న వారందరూ బతికారు. చేరుకోలేని వారిలో నూటికి 22 మంది దాకా మరణించారు. కనుక ఇంటి గడపకూ ఆ పక్కా భవనానికీ మధ్య ఉన్న దారే చావుబతుకుల దారి అయింది. ఆ దారిని సమయానికి పట్టగలిగేదెవరు? కబురు ముందు విన్నవారు, ఎవరినీ అడగకుండా బయలుదేరగలవారు, చేతుల్లో ఏ బరువూ లేనివారు.

ఇదంతా పరదా పద్ధతి ఉన్న పొరుగుదేశం సంగతి, మన తీరంలో ఆడవారు సంతకు వెళతారు, చేపలమ్ముతారు, మనకిది వర్తించదని మీలో కొందరనుకోవచ్చు. వారి కోసం 2004 డిసెంబరు 26వ తేదీని గుర్తు చేస్తాను. ఆ రోజు ఆదివారం. తమిళనాడు తీరంలో సునామీ అలలు ఉదయం 9 గంటల ప్రాంతంలో విరుచుకుపడ్డాయి. ఆ తరువాత ఆక్స్‌ఫామ్ సంస్థ 2005లో వెలువరించిన నివేదికలోని అంకెలు చూడండి. నాగపట్నం జిల్లాలో మరణించిన స్త్రీలు 2,406 మంది, పురుషులు 1,883 మంది. కడలూరు జిల్లాలో మరణించిన స్త్రీలు 391 మంది, పురుషులు 146 మంది. ఆ జిల్లాలోని ఒక పల్లెలో చనిపోయిన వారంతా ఆడవారే.

వీరు గడప దాటని ఆడవారు కారు. పనిచేసే చోటే వీరికి చావు ఎదురైంది. జాలరి పల్లె దినచర్య మీకు తెలియనిది కాదు. చీకటితో మగవారు పడవ మీద వెళతారు. పొద్దెక్కే వేళకు పడవలు తిరిగి వస్తాయి. ఆ వేళకు ఆడవారు గంపలతో ఒడ్డున ఎదురుచూస్తూ ఉంటారు. చేపను ఏరడం, పాట పెట్టడం, గంపకెత్తి అమ్మబోవడం వారి పని. సునామీ అల లోతు సముద్రంలో ఉన్న పడవ కింద నుంచి పోయినా పెద్దగా తెలియదు. ఒడ్డుకు చేరేసరికే అది గోడలా లేస్తుంది. అంటే ఆ ఉదయం నడిసముద్రంలో ఉన్న మగవాడు క్షేమంగా ఉన్నాడు, ఇసుక మీద నిలబడిన అతని భార్య కొట్టుకుపోయింది. ఇళ్లలో ఉన్నవారు పిల్లలను పట్టుకుని పరుగెత్తలేకపోయారు. చీరలు కాళ్లకు చుట్టుకున్నాయి. జుట్టు ముళ్లపొదలకు చిక్కుకున్నవారున్నారు.

ఆడవారే ఎప్పుడూ ఎక్కువగా మరణిస్తారని చెప్పడం నా ఉద్దేశం కాదు. అది చరిత్రకు సరిపోదు కూడా. 1996 నవంబరు 6న కోనసీమను, దాని పక్కనే ఉన్న మన యానాంను కుదిపివేసిన తుఫానును గుర్తు తెచ్చుకోండి. వెయ్యి మందికి పైగా మరణించిన ఆ తుఫానులో గోదావరి మొగలోని భైరవపాలెం, బలుసుతిప్ప వంటి మత్స్యకార గ్రామాలు వేటకు వెళ్లిన మగవారిని పోగొట్టుకున్నాయి. 2017 నవంబరు చివర కన్యాకుమారి, తిరువనంతపురం తీరాల్లో ఓఖీ తుఫాను వచ్చినప్పుడూ అంతే. అప్పటికే సముద్రంలో దూరంగా ఉన్న మగవారు దానికి బలయ్యారు.

అంటే సునామీలో ఏ సముద్రం మగవాణ్ణి కాపాడిందో, తుఫానులో ఆ సముద్రమే అతణ్ణి తీసుకుపోయింది. రెండు చోట్లా పని పంపకమే ప్రాణాల పంపకమైంది. ఆడవారి ఒంటి బలహీనత అనే మాట ఇక్కడ నిలబడదు.

మగవాడు పోయిన ఇంట్లో తరువాత ఏం జరుగుతుందో కూడా చూడాలి. సముద్రంలో పోయినవారి శవం చాలాసార్లు దొరకదు. శవం లేనిదే మరణ ధ్రువపత్రం రాదు. ధ్రువపత్రం లేనిదే పరిహారం లేదు, పింఛను లేదు. ఆచూకీ లేని మనిషిని చనిపోయినట్లు భావించడానికి చట్టం మామూలుగా ఏడేళ్లు ఆగమంటుంది. బొట్టు ఉంచుకోవాలో తీయాలో తెలియని స్థితిలో, చేతిలో కాగితం లేకుండా, అప్పులవాడికి సమాధానం చెబుతూ ఆ ఇల్లాలు పిల్లలను సాకాలి. ఓఖీ తరువాత ఆ గడువు పూర్తికాకుండానే కుటుంబాలకు సాయం అందించేందుకు ప్రభుత్వాలు ప్రత్యేక ఏర్పాట్లు చేయవలసి వచ్చింది.

ఇక నా కళ్లతో చూసినది ఒకటి చెబుతాను. 1999లో అక్టోబరు 17న ఒక తుఫాను గోపాల్‌పూర్ దగ్గర మన గంజాం మీదికి వచ్చింది. పన్నెండు రోజులకే మహాబాత్యా ఎర్సమాను ముంచింది. అప్పుడు నేను కళాశాల విద్యార్థిని. ఆ చావుల నుంచి ఒడిశా పాఠం నేర్చుకుంది. ఆ ఏడాదే విపత్తుల నివారణకు రాష్ట్రస్థాయిలో ఒక ప్రత్యేక సంస్థ ఏర్పడింది. తీరం పొడవునా ఆశ్రయ భవనాలు లేచాయి. 2013 అక్టోబరు 12న, దసరా రోజుల్లో, ఫైలిన్ తుఫాను మళ్లీ గోపాల్‌పూర్ దగ్గరే తీరం దాటినప్పుడు, ఒడిశాలో దాదాపు 10 లక్షల మందిని ముందుగానే సురక్షిత ప్రదేశాలకు తరలించారు. 1999లో వేలల్లో ఉన్న మరణాలు ఈసారి పదుల్లోకి దిగాయి. ఇది చిన్న విజయం కాదు.

ఆ రాత్రి ఒక పాఠశాల భవనంలో ఆశ్రయం పొందినవారికి సాయంగా నేనూ ఉన్నాను. సముద్రపొడ్డు పల్లె నుంచి మనవాళ్లు, ఒడియావాళ్లు కలిసి వచ్చారు. గదులన్నీ నిండిపోయాయి. అటుకులు, బెల్లం పంచాం. మగవారూ పిల్లలూ తిన్నారు. ఆడవారు చాలామంది పొట్లం విప్పలేదు. మంచినీళ్ల కడవ దగ్గరికి కూడా రాలేదు. భయంతో తినలేకపోతున్నారేమోనని నేను ఒక పెద్దావిడ దగ్గర కూర్చుని బతిమాలాను. ఆవిడ నా చెవిలో అన్న మాట ఇది: "నీళ్లు తాగితే బయటికెళ్లాల గదమ్మా. ఈ గాలిలో, ఇంతమంది మగోళ్ల మధ్య యెక్కడికెళ్తాం?"

ఆ భవనంలో ఉన్న మరుగుదొడ్డి ఒకటే. దానికి లోపల గడియ లేదు. రోజూ పిల్లలు వాడుతూ ఉన్నా, దానికి గడియ లేదన్న సంగతి అంతకుముందు నేను పట్టించుకోలేదు. ఆ రాత్రి ఇద్దరు ముగ్గురు ఆడవారిని తోడు తీసుకుని, ఒక దుప్పటి అడ్డం పట్టి, వంతులవారీగా అందరినీ తీసుకువెళ్లాం. ఆ తరువాతే వారు నీళ్లు తాగారు. వారిలో నిండు నెలల గర్భిణి ఒకామె ఉంది. చంటిపిల్ల తల్లులున్నారు. ప్రాణం కాపాడే భవనమే, పన్నెండు గంటలు దాహంతో కూర్చోబెట్టే చోటు కూడా అయింది. అటువంటి చోటికి తరువాతి తుఫానులో ఆ ఆడవారు వెంటనే బయలుదేరతారా, లేక కొంచెం ఆగి చూద్దామనుకుంటారా? ఆ కొంచెం ఆగడమే 1991లో ఎందరి ప్రాణాలు తీసిందో మనం ఇంతకుముందే చెప్పుకున్నాం.

తుఫాను ఒక రాత్రిలో వచ్చిపోతుంది. వాతావరణ మార్పు అలా కాదు, అది మెల్లగా వచ్చి కూర్చునే చుట్టం. సముద్రమట్టం పెరిగిన కొద్దీ ఉప్పెన నీరు ఇంకా లోపలికి వస్తుందనీ, వేడెక్కిన సముద్రం మీద తుఫానులు మరింత బలపడతాయనీ శాస్త్రజ్ఞులు చెబుతున్నారు. మన జిల్లాలోనే ఋషికుల్యా నది మొగ దగ్గర పొడంపేట అనే తెలుగు జాలరి పల్లె ఉంది. అక్కడ సముద్రం ఇళ్లను వరుసవారీగా కోసుకుపోయింది. జనం ఒడ్డుకు దూరంగా కొత్త ఇళ్లకు జరగవలసి వచ్చింది. ఇటువంటి ఊళ్లలో బావినీరు ఉప్పబారితే, తీపి నీటి కోసం నడిచేదెవరు? ఎండుచేపలు ఆరబెట్టుకునే ఇసుక మేట పోతే, ఎవరి చేతి డబ్బు పోతుంది? వేట సాగక మగవాడు సూరత్‌కో చెన్నైకో వలస వెళితే, ముసలివారితో, పిల్లలతో తరువాతి తుఫానును ఒంటరిగా ఎదుర్కొనేదెవరు? ఈ ప్రశ్నలకు జవాబు మీకు వేరే చెప్పనక్కరలేదు.

అయితే ఈ చరిత్ర ఏడ్చి ఊరుకోవడానికి కాదు. ఇందులో ధైర్యం చెప్పే భాగమూ ఉంది. న్యూమయర్, ప్లూంపర్ అనే ఇద్దరు పండితులు 1981 నుంచి 2002 వరకు 141 దేశాల్లో జరిగిన విపత్తులను పరిశీలించి, 2007లో ఒక వ్యాసం ప్రకటించారు. విపత్తు ఎంత పెద్దదైతే స్త్రీల ఆయుర్దాయం పురుషుల కంటే అంత ఎక్కువగా దెబ్బ తింటున్నదనీ, స్త్రీలకు సమాజంలో మెరుగైన స్థానం ఉన్న దేశాల్లో ఈ తేడా తగ్గిపోతున్నదనీ వారు కనుగొన్నారు. అంటే ఇది విధివ్రాత కాదు, మన చేతిలో ఉన్న విషయం.

బంగ్లాదేశ్ దీన్ని చేసి చూపింది. అక్కడ ఆశ్రయ భవనాల్లో ఆడవారికి వేరే గదులు, వేరే మరుగుదొడ్లు కట్టడం మొదలుపెట్టారు. కబురు చెప్పే పనిలోకి ఆడవారిని తీసుకున్నారు. ఈనాడు అక్కడి 70 వేలకు పైబడిన తుఫాను కార్యకర్తల్లో సగం మంది స్త్రీలే. ఆడమనిషి గుమ్మంలోకి వచ్చి, "వదినా, పద" అని పిలిస్తే ఆ ఇల్లాలు ఆగదు. 2007 నవంబరులో సిద్ర్ తుఫాను వచ్చినప్పుడు మరణాలు సుమారు 3,400 కు తగ్గాయి. ఆడవారికీ మగవారికీ మధ్య ఉన్న తేడా కూడా బాగా తగ్గింది.

తమిళనాడులో సునామీ తరువాత కట్టించిన ఇళ్ల పట్టాలను భార్యాభర్తలిద్దరి పేర్లా ఇవ్వాలని నిర్ణయించారు. పిల్లలు పుట్టకుండా శస్త్రచికిత్స చేయించుకుని, ఉన్న బిడ్డలను అలకు పోగొట్టుకున్న తల్లులకు తిరిగి సంతానం కలిగేందుకు ప్రభుత్వమే ఉచితంగా శస్త్రచికిత్స చేయించింది. ఈ రెండో సాయం ఎంతో దయ గలది. అయితే బిడ్డలు పోయిన ఇంట్లో మళ్లీ కనవలసిన బరువు కూడా ఆ తల్లి ఒంటి మీదే పడిందన్న సంగతి మరువరాదు.

ప్రభుత్వాలు చేయవలసినవి ప్రభుత్వాలు చేస్తాయి. మన ఇంట్లో మనం చేయగలిగినవి కొన్ని ఉన్నాయి. తుఫాను కబురు మన ఇంట్లో మొదట ఎవరి చెవిన పడుతున్నది? ఒకప్పుడు రేడియో, ఈనాడు సెల్‌ఫోను ఎవరి జేబులో ఉంటున్నది? ఇంటాయన ఊళ్లో లేకపోతే, కబురు రాగానే బయలుదేరమని ఇల్లాలికి ముందే చెప్పి ఉంచారా? రేషను కార్డు, ఆధార్ కార్డు, ఇంటి పట్టా ఎక్కడ ఉన్నాయో ఆమెకు తెలుసా? వాటి మీద ఆమె పేరు ఉందా? మన ఊరి బడిలో మరుగుదొడ్డికి గడియ ఉందా?

ఇంకొక ప్రశ్న. ఆమధ్య నా తరగతిలో, ఈత వచ్చినవారు చేతులెత్తండని అడిగాను. మా పిల్లల్లో సగం మంది సముద్రం ఒడ్డున పుట్టినవారే. మగపిల్లలు దాదాపు అందరూ చేతులెత్తారు. ఆడపిల్లల్లో లేచినవి రెండే చేతులు. మిగిలినవారిని ఎందుకు నేర్చుకోలేదని అడిగితే, "మాకెవరూ నేర్పలేదు టీచర్" అన్నారు. వారి తండ్రులూ అన్నలూ ఊళ్లో పేరున్న ఈతగాళ్లు.

ఉప్పెన ఎప్పుడు వస్తుందో మనం నిర్ణయించలేం. అది వచ్చేనాటికి ఆ పిల్లలకు ఈత వచ్చి ఉండాలా వద్దా అన్నది మాత్రం మనమే నిర్ణయించాలి. ఈ ఎండాకాలం సెలవుల్లో మీ ఇంట్లో మగపిల్లవాడిని చెరువుకు తీసుకువెళ్లినప్పుడు, వాడి అక్కనో చెల్లెలినో కూడా వెంటబెట్టుకు వెళ్లండి. ఈ ప్రసంగం ద్వారా నేను మిమ్మల్ని కోరేది ఇదే.